అమ్ముడైపోయిన వరసలో ఒక్కదాన్నే

ఇండియా జట్టు ఈ దేశం వచ్చి హామిల్టన్‌లో వన్డే ఆడుతుందని తెలిసిన రోజే వెళ్ళాలని నిశ్చయించుకున్నాను. ఆట మీద ఇష్టం ఒక కారణం. నేనుండే పామర్‌స్టన్ నార్త్‌లో ఒంటరితనం రెండో కారణం. వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సుని కాబట్టి పగలంతా మాట్లాడుతూనే ఉంటాను, కానీ అదంతా ఇంగ్లీషు, అదంతా డ్యూటీ. ఒక్కరోజు మనవాళ్ళ మధ్య కూర్చుని గొంతు పోయేలా అరవాలనిపించింది.

టికెట్లు విడుదలైన ఉదయం నేనొక పెద్దాయనకు స్నానం చేయిస్తున్నాను. టీ బ్రేక్‌లో ఫోన్ తెరిచేసరికి అన్నీ అయిపోయాయి. అప్పటికే అవే టికెట్లు వేరే సైట్‌లో నాలుగింతల ధరకు కనిపించాయి. ప్రార్థన చేసుకుని ఒకటి కొన్నాను.

ఆ ఆదివారం మా తెలుగు సహవాసంలో సాక్ష్యాల సమయం వచ్చినప్పుడు లేచి నిలబడ్డాను. టికెట్లు లేవన్నచోట దేవుడు నాకోసం ఒక సీటు దాచి ఉంచాడని చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు. ఆరాధన అయ్యాక కుర్చీలు మడతపెడుతూ ప్రసాద్ అంకుల్ అడిగారు, “ఎంతకి కొన్నావమ్మా?”

చెప్పాను.

“దాచింది దేవుడే అనుకుందాం. మరి ఆ లాభం కూడా ఆయనే వేసుకున్నాడా?”

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నాకు కోపం వచ్చింది. ఇంకో కుర్చీ అందుకుని మడతపెట్టాను.

మ్యాచ్ ముందురోజు పొద్దున్నే బస్సెక్కాను. దాదాపు పగలంతా ప్రయాణం. వైయూరూ దగ్గర భోజనానికి ఆపితే బేకరీలో ఒక మీట్ పై కొని తిన్నాను. మీరు వెళ్తే ఇంటి నుంచే ఏదైనా కట్టుకెళ్ళండి, అక్కడ దొరికేవి తక్కువ. మోటెల్ గది కూడా ముందే తీసుకోండి, మ్యాచ్ ఉందంటే ఊళ్ళో గదులు మిగలవు. తౌపోలో దిగాల్సిన ఒక ముసలావిడ నా పక్కన కూర్చుంది.

“అంత దూరం ఆట కోసమా? అక్కడ నీకు స్నేహితులున్నారా?” అని ఇంగ్లీషులో అడిగింది.

“ఇంకా లేరు,” అన్నాను.

ఆవిడ నవ్వి, తౌపో సరస్సు రాగానే కనబడాలని నన్ను కిటికీ వైపు కూర్చోబెట్టింది.

మర్నాడు గేట్లు తెరవకముందే వరసలో నిలబడ్డాను. నా ముందు నీలం జెర్సీ మీద కార్డిగన్ వేసుకున్న ఒకావిడ ఉంది. ఫోన్‌లో తెలుగు మాట్లాడుతుంటే విని, ఆగలేక “వందనాలు ఆంటీ” అనేశాను.

“వందనాలమ్మా! మన విశ్వాసులేనా? చూశావా, దేవుడు ఎక్కడ కలిపాడో!” అంటూ డబ్బా తీసి నిమ్మకాయ పులిహోర చేతిలో పెట్టింది. ఆంటీ ఇంకా ఉత్తరాన, ఆల్బనీలో ఉంటుంది. ఆవిడా నర్సే. “మా ఆయనకి క్రికెట్టంటే పడదు. నేనే డ్రైవ్ చేసుకుంటూ వచ్చేశా. లోపల నీ సీటు ఎక్కడో చెప్పు, లంచ్‌కి వచ్చి వాలిపోతా. కేకలెయ్యడం వచ్చా నీకు?”

“ప్రాక్టీస్ లేదాంటీ.”

“నేను నేర్పిస్తాలే.”

గేటు దగ్గర ఆవిడ టికెట్‌కి ఎర్ర లైటు వెలిగింది. ఆ టికెట్‌తో అప్పటికే ఒకరు లోపలికి వెళ్ళారన్నాడు స్టీవార్డ్. ఆంటీ కూడా నాలాగే ఆ సైట్‌లోనే కొంది. అమ్మినవాడు ఒకే టికెట్ ఇద్దరికి అమ్మాడు. ఆంటీ ఎంత వాదించినా లాభం లేకపోయింది. నాది స్కాన్ చేస్తే పచ్చలైటు వచ్చింది.

“నువ్వెళ్ళమ్మా, వెనక జనం తోస్తున్నారు. నేనిక్కడే ఉంటాలే,” అంది. నేను వెళ్ళాను. అంత తొందరలో ఫోన్ నంబరు అడగడం తోచలేదు.

మ్యాచ్ మొదలైంది. నా వరసలో ఎవరూ లేరు. ముందు వరసలో ఒక్కరే. డప్పులు, కేకలు, తెలుగు మాటలు అన్నీ అవతలి గడ్డి గట్టు మీద నుంచి వినిపిస్తున్నాయి. అక్కడికి టికెట్ వేరు. వెళ్ళబోతే వెనక్కి పంపారు.

“ఇవన్నీ అమ్ముడైపోయినవేనమ్మా. కొన్నవాళ్ళు మళ్ళీ అమ్ముకోలేకపోయుంటారు,” అన్నాడు అక్కడి స్టీవార్డ్.

“గేటు బయట ఒకావిడ ఉంది. ఈ సీట్లో కూర్చోనివ్వండి.”

“సారీ. ఖాళీగా ఉన్నా ఆ సీటు ఇంకొకరిది.”

మనవాడు సిక్సర్ కొట్టాడు. లేచి అరిచాను. రెండు వైపులా చూసి కూర్చున్నాను. ఆ తర్వాత బంతి మీద చూపు నిలవలేదు. బయట నిలబడ్డ ఆంటీయే కళ్ళముందు మెదిలింది.

ఇన్నింగ్స్ విరామంలో బయటికి నడిచాను. బయటికెళ్తే మళ్ళీ రానివ్వమని గేటు దగ్గర హెచ్చరించారు. సరేనన్నాను. ఆంటీతో కలిసి ఆవిడ కారులో ఫోన్ పెట్టుకుని చూసినా చాలనిపించింది.

ఆంటీ లేదు. కార్లు ఆపేచోటంతా తిరిగాను. టికెట్లు దొరక్క ఫెన్సు దగ్గర కూర్చున్న కుర్రాళ్ళని అడిగాను. “బ్లూ జెర్సీ ఆంటీయా? చాలాసేపు ఎదురుచూసింది అక్కా. ఇందాకే వెళ్ళిపోయింది,” అన్నారు.

గోడ అవతల పెద్ద కేక లేచింది. ఎవరు అవుటయ్యారో తెలియలేదు. ఫుట్‌పాత్ మీద నిలబడి ప్రార్థన చేశాను. ఆంటీ క్షేమంగా ఇల్లు చేరాలని తప్ప ఏమీ అడగలేదు. ఎన్నో తలుపులు మూయించి నాకొక్కదానికి తెరిచేవాడు కాదు నా దేవుడు. ఆ సీటుకి ఆయన పేరు పెట్టింది నేనే. మోటెల్‌కి నడిచి వెళ్ళాను. ఎవరు గెలిచారో మర్నాడు బస్ స్టాప్‌లో విన్నాను.

తిరుగు బస్సు సగం కూడా నిండలేదు. “ఎక్కడైనా కూర్చో, అన్నీ నీవే,” అన్నాడు డ్రైవరు. మధ్యలో ఒక పెద్దాయన పక్క సీట్లో సంచి పెట్టుకుని పేపర్ చదువుకుంటున్నాడు. ఇక్కడ కూర్చోవచ్చా అని అడిగాను. ఆయన తలెత్తి ముందున్న ఖాళీ సీట్లు చూశాడు, వెనకున్నవీ చూశాడు. తర్వాత నా వైపు చూసి, సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.