మైకు ఆగిన సందు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ లెక్కన మైకాయనకి ఊళ్ళో శత్రువులుండకూడదు. లేరు కూడా. ఒక పాత ఆటో, దాని నెత్తిన అటొకటి ఇటొకటి రెండు బూరలు, సీటు కింద బ్యాటరీ, పిడికి గుడ్డ చుట్టిన మైకు. ఆయన సంసారంలో సగం ఇదే. మిగతా సగం, అంటే భార్యా కూతురూ, ఆయన ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడితే చాలనుకునేవాళ్ళు. అన్నంలోకి ఉప్పు అందించమని అడిగినా పక్కింటివాళ్ళు ఉలిక్కిపడేవారు.

చీరల తగ్గింపు ధరలు, కరెంటు కోతలు, తప్పిపోయిన పిల్లలు, కొత్తగా తెరిచిన కళ్ళజోళ్ళ దుకాణం... ఊరికి ఏది తెలియాలన్నా ఆ బూరల్లోంచే తెలిసేది. ఈ రోజుల్లో అందరూ ముందే రికార్డు చేసుకుని, మీట నొక్కి, హాయిగా కూర్చుని తిరుగుతున్నారు. ఆయనకి అది గిట్టదు. "రికార్డుకి కళ్ళుంటాయా? నేనైతే ముసలమ్మ కనపడితే నిదానంగా చెప్తా, అర్థం కానట్టు మొహం పెడితే ఇంకోసారి చెప్తా" అనేవాడు. చదువు రానివాళ్ళకి ఆయనే పేపరు. ఆయనకున్న గర్వమంతా అదొక్కటే, అది ఉత్త గొప్ప కూడా కాదు.

అన్ని పనుల్లోకీ ఆరోగ్య శాఖ పని ఆయనకి ఎక్కువ. పోలియో చుక్కలు, దోమల మందు, ఎండదెబ్బ జాగ్రత్తలు లాంటివి చెప్పేరోజు ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు. ఆటోలో కూర్చున్నవాడి చొక్కా ఎవరు చూస్తారని భార్య ఎగతాళి చేసేది. "గొంతుకి తెలుస్తుందే" అనేవాడు.

ఆ చొక్కా ఇస్త్రీ అయ్యేది రెండు పెద్ద రోడ్లని కలిపే ఒక పొడుగాటి సందులో. సందు మధ్యలో ఒక మేడ మెట్ల కింద భార్యాభర్తలిద్దరు బల్ల వేసుకుని ఇస్త్రీ చేసేవారు. ఆ పక్కింట్లోనే మైకాయన అక్క ఉంటుంది. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆ ముసలి దంపతుల్ని ఆయన బాబాయ్, పిన్నీ అనే పిలిచేవాడు. బాబాయికి ఈయన్ని ఆటపట్టించకపోతే పొద్దుపోయేది కాదు. "ఏరా, ఇవాళ ఏం అమ్ముతున్నావ్?" అన్నది ఆయన పలకరింపు. అమ్మకాలు లేనిరోజు కూడా అదే అడిగేవాడు.

అక్కకి పార్శ్వపు నొప్పి. వచ్చిందంటే కిటికీలు మూసుకుని తలకి గుడ్డ కట్టుకుని పడుకోవలసిందే. ఎప్పుడో ఒకసారి అలా పడుకుని ఉండగా ఈయన ఆటో సరిగ్గా వాకిట్లోకొచ్చి కళ్ళజోళ్ళ గురించి ఊదరగొట్టింది. అక్క బయటికొచ్చి వీధిలోనే కడిగిపారేసింది. "ఊరందరికీ చెప్పుకోరా, నా నెత్తిమీద కాదు! నిన్ను పెంచి పెద్దచేసింది ఇందుకేనా?" అంది. నిజమే, తల్లి పోయాక ఆయన్ని పెంచింది అక్కే. ఆ రోజు నుంచి సందు మొదట్లోకి రాగానే ఆయన బొటనవేలు మీట నొక్కి మైకు ఆపేసేది. సందు దాటాక మళ్ళీ తెరిచేది. ఎవరూ ఎందుకని అడగలేదు. ప్రశాంతత ఊరికే దొరికితే ఎవరికి చేదు?

కొంతకాలానికి అది అలవాటై, అలవాటు కాస్తా ఆయనకే తెలియకుండా పోయింది. ఈ సందులో నేను చెప్పడం లేదు అన్న సంగతి ఆయన బుర్రలో లేదు, బొటనవేలికి మాత్రమే తెలుసు.

వానల్లో ఒకరోజు పొద్దున్నే ఆరోగ్య శాఖ మేడం కబురుపెట్టింది. ఊరికి నీళ్ళిచ్చే పెద్ద పైపు పగిలి మురుగు కలిసిందని అనుమానం. మాటలు ఆమే చెప్పింది, ఆయన కంఠతా పట్టాడు. పట్టడానికి ఎంతసేపు? కుళాయి నీళ్ళు మరిగించి చల్లార్చి తాగండి. క్లోరిన్ బిళ్ళలు ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇస్తారు. వాంతులు, విరేచనాలు మొదలైతే ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పడుతూ వెంటనే తీసుకురండి, ఆలస్యం చేయకండి.

ఆ రోజు మైకాయన ఒళ్ళు దాచుకోలేదు. ఒక పక్క వాన, ఇంకో పక్క బురద, అయినా మలుపు మలుపుకీ ఆగి చెప్పాడు. వినపడలేదని ఒక గుమ్మంలోంచి చెయ్యూపితే వెనక్కి వెళ్ళి మరీ చెప్పాడు. మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయింది. అక్క చేతి కాఫీ తాగి పోదామని సందులోకి తిప్పాడు. బొటనవేలు తన పని తాను చేసింది.

అక్క కాఫీ ఇచ్చింది. అక్క ఇంట్లో గోడకి నీళ్ళ ఫిల్టరు ఉంది, కొడుకు పెట్టించాడు. ఇద్దరూ ఏవో పెళ్ళి సంబంధాల మాటలు మాట్లాడుకున్నారు. తిరిగి వస్తూ తన చొక్కా తీసుకోవడానికి ఇస్త్రీ బల్ల దగ్గర ఆగాడు. పిన్ని బట్టల మీద నీళ్ళు చిలకరిస్తోంది. బాబాయి చొక్కా మడిచి చేతికిచ్చి, "ఏరా, ఇవాళ ఏం అమ్ముతున్నావ్?" అన్నాడు.

"అమ్మకం కాదు బాబాయ్, గవర్నమెంటు పని" అన్నాడు మైకాయన గొప్పగా.

"అబ్బో! అయితే కుర్చీ వెయ్యాలి నీకు" అన్నాడు బాబాయి. ముగ్గురూ నవ్వుకున్నారు. ఈయన ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

పొద్దుటినుంచి వీధులకి వీధులు చెప్పిన మాట ఎదురుగా నిలబడ్డ మనిషికి చెప్పాలని ఎందుకు తోచలేదని మీరు అడగవచ్చు. మిఠాయి దుకాణంవాడికి తీపి తెలియనట్టే ఇదీ అనుకుంటాను. చెప్పడం ఆయనకి పని. పని ఆటోలో, మైకు చేతిలో ఉన్నప్పుడు జరిగేది. మైకు కట్టేశాడంటే పని ఆగినట్టే. చొక్కా కోసం వచ్చినవాడు వేరే మనిషి.

బాబాయికి మర్నాడు విరేచనాలు పట్టుకున్నాయి. తిన్నది పడలేదనుకున్నారు. ఒంట్లో నీరసంగా ఉందని పిన్ని దగ్గరుండి నీళ్ళు పట్టింది, అవే కుళాయి నీళ్ళు. తగ్గుతుందిలే అని ఒక పూట, మరో పూట చూశారు. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి కళ్ళు లోపలికి పోయాయి. ఇంకాస్త ముందు తేవలసిందన్నారు అక్కడివాళ్ళు. ఆయన మళ్ళీ ఇంటికి రాలేదు.

కబురు తెలిసినప్పుడు మైకాయన అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అప్పటిదాకా బొటనవేలికి మాత్రమే తెలిసిన సంగతి అప్పుడు మనిషికి తెలిసింది.

అక్క దగ్గరికి పరిగెత్తాడు. అక్క సంగతంతా విని, తలుపు దగ్గరికి వేసి, "నువ్వు చంపావా ఏంటి? ఆయన వయసు ఆయనది. అనవసరంగా నోరు జారకు, ఉన్న పని కూడా పోతుంది" అంది. కాసేపయ్యాక, "నేను తలనొప్పి వచ్చిన రోజు మాత్రమే ఆపమన్నాన్రా, రోజూ ఆపమన్నానా?" అని ఏడ్చింది. ఆవిడ భయం ఆవిడది.

ఆ తర్వాత ఆయన చేసిన పని చెబితే నవ్వొస్తుంది, నవ్వితే పాపం. తప్పులో మరొకరికి కూడా వాటా ఉంటుందేమోనని వెతకడం మొదలుపెట్టాడు. నేను కాకపోతే ప్రభుత్వం ఇంకో దారిన ఆ సందుకి చెప్పే ఉంటుంది కదా, వాళ్ళే పట్టించుకోలేదేమో అని ఆశ. వార్డు ఆఫీసుకి వెళ్ళాడు. బోర్డు మీద ప్రకటన అంటించి ఉంది, పెద్ద అక్షరాలతో. కూతుర్ని అడిగితే ఫోనులో శాఖవాళ్ళ వెబ్‌సైటు తెరిచి చూపించింది. అందులోనూ ఉంది, బొమ్మలతో సహా. ఆరోగ్య కేంద్రంలో సమాచారం గది అని ఒకటుంటుందని అన్నేళ్ళుగా పనిచేస్తున్న ఆయనకే తెలియదు. అరల నిండా కరపత్రాలు. నీళ్ళకొకటి, దోమలకొకటి, కుక్కకాటుకొకటి, ఎవరైనా వచ్చి తీసుకుపోవచ్చు. గోడ మీద ఉచిత ఫోను నంబరు కూడా రాసి ఉంది.

వెతికినకొద్దీ అన్నీ దొరికాయి. దొరికినకొద్దీ ఆయన ఆశ సన్నగిల్లింది. ఎందుకంటే పిన్నికి చదువు రాదు, బాబాయికి చూపు ఆనదు. వాళ్ళ ఫోను పిలుపులకి మాత్రమే పనికొస్తుంది, గోడ మీది ఆ నంబరు వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

చివరికి మేడంనే అడిగాడు. "ఇల్లిల్లూ తిరిగే అమ్మాయిలున్నారు కదా మేడం. ఆ ఇస్త్రీవాళ్ళ సందుకి ఎవరూ వెళ్ళలేదా?"

"మనుషులు చాలలేదండీ" అంది ఆమె. "ఆ పక్కంతా మీ మైకు తిరుగుతుంది కదా, అందుకని వాళ్ళని ఆటో దూరని వాడలకి పంపాను. మీరున్నారన్న ధైర్యంతోనే."

ఆయన సరేనని బయటికొచ్చి ఆటోలో కూర్చున్నాడు. తాళం తిప్పడానికి చాలాసేపు పట్టింది.

పిన్ని దగ్గరికి పోకుండా తప్పించుకు తిరిగాడు. ఎన్నాళ్ళని? ఒకరోజు ధైర్యం చేసి వెళ్ళేసరికి ఆమె ఒక్కతే బల్ల దగ్గర ఉంది. ఈయన నోరు తెరవకముందే ఆమె మొదలుపెట్టింది.

"ఆ రోజు నీ గొంతు వినపడింది నాయనా. దూరంగా, అటు పెద్ద రోడ్డు మీద. ఏ చీరల గోలో అనుకుని చెవిన పెట్టలేదు. సందులోకి వచ్చినప్పుడు కూడా చెప్పే ఉంటావు, నాకే ఈమధ్య చెవులు మందగించాయి. నా చేత్తోనే పట్టాను ఆయనకి ఆ నీళ్ళు. వద్దంటున్నా పట్టాను."

తప్పు చెప్పుకోవడానికి వచ్చినవాడికి ఓదార్పు చెప్పవలసి వచ్చింది, అదీ చేతకాలేదు. ఊరుకో పిన్నీ అని గొణిగి వచ్చేశాడు. దొంగకి తేలు కుట్టినట్టు అంటారే, అలా ఉన్నాడు చాలా రోజులు. బండి తీయడం తీస్తున్నాడు, చెప్పడం చెబుతున్నాడు. ఇప్పుడు సందులోకి వస్తే మీట నొక్కడం లేదు.

ఇంతలో మేడంకి ఒక ఆలోచన వచ్చింది. మంచి ఆలోచనే. పిన్నిని పలకరించడానికి వెళ్ళినప్పుడు ఆమె అన్న మాటలు విని, అవే ఆమె గొంతుతో రికార్డు చేసి ఊరంతా వినిపిస్తే జనం శ్రద్ధగా వింటారనుకుంది. పిన్ని ఒప్పుకుంది. "నాలాగా ఇంకెవరూ చెయ్యకుండా ఉంటారంటే చెప్తానమ్మా" అంది. వినిపించేది ఎవరి బూరల్లోంచో వేరే చెప్పాలా? మేడం మైకాయన్ని కూడా రమ్మంది.

సాయంత్రం బల్ల దగ్గర ముగ్గురూ చేరారు. ఇస్త్రీ పెట్టె పక్కకి జరిపి, మేడం ఫోను పిన్ని మొహానికి దగ్గరగా పట్టుకుంది. పిన్ని కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని, బడిలో పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది.

"మైకాయన చెప్పాడు. నేను వినలేదు. నీళ్ళు కాచకుండా పట్టి మా ఆయన్ని నా చేతులారా..."

"ఆపండి మేడం" అన్నాడు మైకాయన.

మేడం ఆపింది. ఈయన బల్ల అంచు పట్టుకున్నాడు.

"నేను చెప్పలేదు పిన్నీ. ఈ సందులో నేనెప్పుడూ చెప్పేవాణ్ణి కాదు. అక్కకి తలనొప్పని సందు మొదట్లోనే మైకు కట్టేసేవాణ్ణి. నీ చెవులు బాగానే ఉన్నాయి. నువ్వు వినకపోవడం కాదు, నేనే చెప్పలేదు."

పిన్ని ఆయన వైపు తిరిగింది. మేడం ఫోను పక్కన పెట్టేసింది.

"ఆ రోజు ఇక్కడికొచ్చావుగా" అంది పిన్ని. "చొక్కా తీసుకున్నావు. ఆయన నిన్ను అడిగాడు కూడా."

"అడిగాడు."

"మీ అక్కావాళ్ళింట్లో ఫిల్టరు ఉంది కదా?"

"ఉంది పిన్నీ."

ఆమె తిట్టి ఉంటే ఆయనకి తేలికయ్యేది. తిట్టలేదు. ఇస్త్రీకి వచ్చిన బట్టల మూట మీద నెమ్మదిగా కూర్చుంది.

"సరే, అయితే చెప్పు" అంది. "ఆ రోజు ఊరంతా ఏం చెప్పావో అది ఇప్పుడు నాకు చెప్పు. నేను విననేలేదు కదా."

ఆయన మేడం వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. ఆయన నిటారుగా నిలబడి అలవాటుగా, "ప్రజలకు ఆరోగ్య శాఖ వారి విజ్ఞప్తి" అన్నాడు.

"ప్రజలకి కాదు. నాకు చెప్పు."

"కుళాయి నీళ్ళు మంచివి కావు పిన్నీ. మరిగించి చల్లార్చి తాగండి. బిళ్ళలు ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇస్తారు. విరేచనాలు పట్టుకుంటే ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పడుతూ వెంటనే తీసుకురండి." అక్కడ ఆయన ఆగాడు. మళ్ళీ కూడదీసుకుని, "ఆలస్యం చేయకండి" అన్నాడు.

పిన్ని ఇంకా ఏదో ఉందన్నట్టు ఆయన నోటివంకే చూస్తోంది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే పిన్నీ" అన్నాడు మైకాయన.