మా బాపు నంబరు, ఖాజా చాచా పంపులు

నిన్న పొద్దున స్టవ్ మీద పాలు పెట్టి ఫోన్ చూశాను. మా పాత కాలనీ గ్రూప్‌లో ఒకటే లైన్.

"ఖాజా చాచా ఇక లేరు."

పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది.

ఎనభై దాటిన మనిషి, ఎప్పుడో ఒకప్పుడు పోతారని తెలియదా? తెలుసు. కానీ నేను ఆయనకు ఒక సారీ చెప్పాలి. ముప్పై ఏళ్ళుగా రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అనుకుంటూ కూర్చున్నాను.

గోదావరిఖనిలో మా క్వార్టర్ల పక్కనే చాచా సైకిల్ షాపు. పంక్చర్లు ఎవరైనా వేస్తారు. చాచాకు పిచ్చంతా గాలి కొట్టే పాత చేతి పంపుల మీద. ఇత్తడి గొట్టం, కర్ర పిడి ఉండే పాతకాలం రకం. తుక్కులో పడేసినవి ఏరుకొచ్చి, సొట్టలు తీసి, వంగిన కడ్డీ సరిచేసి, తోలు వాషర్ కొత్తది కోసి ఆముదంలో నానబెట్టేవారు.

చివర్లో టెస్ట్. గాలి వచ్చే చోట బొటనవేలితో గట్టిగా మూసి, పిడి కిందికి నొక్కి వదలాలి. పిడి తిరిగి పైకి తన్నాలి.

"తన్నిందా? అయితే బతికింది," అనేవారు. ఆయన బిడ్డ షమీమ్, నేనూ ఆ టెస్ట్ కోసం కొట్టుకునేవాళ్ళం.

మా లైన్ మొత్తానికి అప్పట్లో పంపు మాదొక్కటే. ఫస్ట్ షిఫ్టుకు పోయేవాళ్ళు మా వాకిట్లోనే గాలి కొట్టుకునేవారు. అడిగి తీసుకెళ్ళినవాళ్ళు తిరిగివ్వడం మర్చిపోయేవారు. అందుకే మా బాపు దాని మీద గనిలో తనకిచ్చిన టోకెన్ నంబరు కొట్టుకున్నాడు. మేకుతో, చుక్కలు చుక్కలుగా. 417. ఏడు వంకరగా వచ్చిందని అవ్వ ఎప్పుడూ నవ్వేది.

ఎనభైల చివర్లో బాపు పోయాడు.

క్వార్టర్ కంపెనీకి అప్పజెప్పాం. గనిలో ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చే ఉంటారు. మాకు మిగిలింది ఆ పంపు. అదీ తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు సైకిల్ మీద పోయే రోజుల్లో దాన్ని చాచాకు ఇచ్చాను. "మంచిగ చెయ్యి చాచా, మా బాపుది," అన్నాను. వారం తర్వాత వెళ్తే బంగారంలా మెరుస్తోంది.

తిప్పి చూశాను. మళ్ళీ తిప్పాను. 417 లేదు.

"నంబరేది చాచా?"

"గీకేసిన, బేటీ. ఆ నంబరు ఇప్పుడు ఇంకొకరిది. నీ సైకిల్ మీద చూస్తే దొంగమాల్ అంటరు. ఆడపిల్లవు, నీకెందుకా మాట?"

గనివాళ్ళు చాలామంది పంపుల మీద నంబర్లు కొట్టుకునేవారు; తను బాగుచేసి అమ్మే ప్రతి పంపు మీదా చాచా వాటిని గీకేసేవారు. నా మంచికే చేశారు. అది ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. షాపు ముందు పదిమంది ఉన్నారని కూడా చూడలేదు.

"మా బాపును గీకి పారేసినవ్ గదా చాచా!"

ఆయన మొహం తెల్లబోయింది. "మళ్ళ కొట్టిస్త బేటీ," అన్నారు.

"నువ్వు కొడితే మా బాపు కొట్టినట్టయితదా?" అని పంపు లాక్కుని వచ్చేశాను.

తర్వాత ఆ షాపు ముందు నుంచి తల తిప్పుకుని పోయేదాన్ని. పెళ్ళై మంచిర్యాల వచ్చేశాను. ఒకటి రెండు పెళ్ళిళ్ళలో కలిస్తే సలాం చాచా, బాగున్నవా బేటీ. అంతే. ఎంత పొగరు నాకు!

నిన్న వెంటనే బస్సెక్కి గోదావరిఖని వెళ్ళాను. ఆయన్ను సాగనంపాక షమీమ్ నన్ను లోపలికి తీసుకెళ్ళింది. మంచం కింది నుంచి ఒక పాత ట్రంకు పెట్టె లాగింది. తొమ్మిది పంపులు. అన్నీ మెరుస్తున్నాయి. ప్రతి దాని మీదా ఎవరిదో ఒక నంబరు.

"నువ్వు గట్ల అని పోయినంక మా అబ్బా ఒక్క నంబరు గూడ గీకలే. కొనేటోళ్ళు దొంగమాల్ అని పక్కకు పెట్టి పోయేటోళ్ళు. 'గీకెయ్ అబ్బా, అమ్ముడు పోతయ్' అని నేనంటే వినకపోతుండె. 'ఎవరి బాపుదో ఏమో' అంటుండె. ఏటా పండుగ ముందట కూసొని అన్నిట్ల ఆముదం పోస్తుండె."

ఒక పంపు తీసి, బొటనవేలితో మూసి, పిడి నొక్కి వదిలాను. పైకి తన్నింది. షమీమూ నేనూ ఆ పెట్టె పక్కనే కూలబడి ఏడ్చాం.

చాచా, మాది నువ్వు గీకింది ఒక్క నంబరే. నేనన్న మాటను మాత్రం ఇన్నేళ్ళు మోశావు. నన్ను మాఫ్ చెయ్యి.

మా బాపు అక్కడే ఉంటాడు. కలిస్తే చెప్పు, పంపు ఇంకా నా దగ్గరే ఉందని.

ఇక హాయిగా పడుకో చాచా. అల్లా నీకు చల్లని చోటివ్వాలి.