ఆకు పేరు చెప్పిన రోజు

పోయిన వారం మోకాళ్ల నొప్పికి క్లినిక్కుకి వెళ్తే, వాడుతున్న మందులన్నీ రాయమని ఒక కాగితం చేతికిచ్చారు. మా మనవరాలు నా బదులు గబగబా టిక్కులు పెట్టుకుంటూ పోయి, నాటు మందుల గడి దగ్గర ఆగి, "ఇది ఎవరూ రాయరులే అమ్మమ్మా, నో అని పెట్టేస్తా" అంది. పెన్ను లాక్కున్నాను. మోకాళ్లకి రాసుకునే నూనె, పరగడుపున మింగే మెంతులు, అన్నీ నా పెద్ద పెద్ద అక్షరాల్లో తెలుగులోనే రాసి, కింద ఇంగ్లీషు నువ్వు రాసుకోమన్నాను. దానికి విసుగొచ్చింది. రాదూ మరి! వాళ్ల నాన్న పసుపు కళ్లు అది ఎరగదు. అప్పటికి దానికి మూడు నెలలు.

కంప్యూటర్ ఉద్యోగాలకి మనవాళ్లు ఈ దేశానికి విమానాల నిండా దిగుతున్న రోజులవి. మా అమ్మాయి కానుపుకని నేను యూ టీ అనే పేటలోని వాళ్ల ఫ్లాట్‌కి వచ్చాను. సంచిలో శొంఠి, వాము, బాలింత కారం ఉన్నాయి. వాటికంటే పెద్ద సరుకు నా బుర్రలో ఉంది. పచ్చకామెర్లకి ఆకుపసరు. అది మా అత్తగారిచ్చిన విద్య. ఊళ్లో బుధవారం, ఆదివారం మా వాకిట్లో జనం బారులు తీరేవాళ్లు. తెల్లారకముందే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లి ఆకు కోయాలి, ఎవరి దగ్గరా పైసా తీసుకోకూడదు, అన్నిటికంటే ముఖ్యం, ఆకు పేరు పైకి చెప్పకూడదు. చెబితే అందులో సత్తా పోతుందట. మా అత్తగారు పోయే ముందు నా చేత చేతిలో చెయ్యి వేయించుకుంది. నాకప్పుడు వేలిముద్ర తప్ప సంతకం రాదు, కానీ ఊళ్లో ఆ ఆకు వల్ల నాకున్న మర్యాద మేష్టారికి కూడా లేదు.

అల్లుడికి కళ్లు పచ్చబడ్డాయి, జ్వరం తగిలింది. ఉద్యోగంలో కొత్త. ఆసుపత్రి, సెలవు అంటే పంపించేస్తారేమో, పంపిస్తే బాలింతని, పిల్లని తీసుకుని ఎక్కడికి పోవాలని అతని బెంగ. "అత్తయ్యా, మీ పసరుండగా నాకేం భయం?" అన్నాడు. పొగిడితే లొంగని మనిషిని కాను నేను. ఆ ఆకు ఇక్కడ మా బ్లాకు వెనక మురుగుకాలువ గట్టున బోలెడు. మూడు రోజులు పసరు పోశాను. పథ్యం గట్టిగా చేయించాను, ఉప్పు లేని చప్పిడి మజ్జిగన్నం, అదీ నాలుగు ముద్దలు. డాక్టరు దగ్గరికి వెళ్దామని అమ్మాయి పోరితే కసిరాను. నాలుగో రోజు పొద్దున పాలగ్లాసు ఇచ్చిన భార్యని తన అక్క పేరు పెట్టి పిలిచాడు. మళ్లీ అడిగితే మళ్లీ అదే పేరు. అప్పుడు నేనే ఆసుపత్రికి పదమన్నాను.

ఆసుపత్రిలో చూసిన డాక్టరమ్మ చీనా ఆవిడ, నా ఈడుది. అన్నీ గుచ్చి గుచ్చి అడిగింది. ఇంట్లో ఏం మందు పట్టారని అడిగితే అమ్మాయి నా వైపు చూసింది. నేను నేల చూపులు చూశాను. చెబితే ఆకు చచ్చిపోతుంది, అల్లుడి ఒంట్లో చేస్తున్న పని కూడా ఆగిపోతుంది. అంతే నాకు తెలిసిన లెక్క. డాక్టరమ్మ కుర్చీ నా దగ్గరికి జరుపుకుని నెమ్మదిగా ఏదో అంది. అమ్మాయి ఏడుస్తూనే తెలుగులో చెప్పింది. "తిట్టడానికి అడగట్లేదంట అమ్మా. తెలియకపోతే కళ్లు మూసుకుని వైద్యం చేసినట్టేనంట. ఆయన్ని చూడు, చూసి చెప్పు."

చూశాను. చెప్పాను. "నేల ఉసిరి."

ఇంగ్లీషులో ఏమంటారో అమ్మాయికి తెలియదు. చిన్నచిన్న ఆకులు, వాటి కింద వరసగా పూసల్లాంటి కాయలు అని వేళ్లతో చూపించాను. ఆవిడ తల ఊపింది. వాళ్ల అమ్మమ్మ కూడా అదే కాచి తాగించేదట! ప్రాణం పోయినంత పనై నేను బయటపెట్టిన రహస్యం వాళ్ల పెరట్లోనూ ఉంది. ఆవిడ రాసుకుని, ఇంకేమిచ్చారని అడిగింది. ఇంకేం లేదు, మామూలు జ్వరం బిళ్లలే అన్నాను. ఆవిడ పెన్ను ఆపి, ఏ బిళ్లలో చూపించమంది.

సంచిలోంచి రెండు అట్టలు తీసిచ్చాను. ఒకటి ఊరినుంచి తెచ్చింది, జ్వరానికి. ఇంకోటి ఇక్కడ కొన్నది, ఒళ్లు నొప్పులకి. జ్వరం కాసినప్పుడల్లా అందులోవి రెండు, ఇందులోవి రెండు వేశాను. డాక్టర్లిచ్చేవే కదా, వాటితో భయమేముంది అనుకున్నాను. ఆవిడ రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి వేలితో చూపించింది. చదవడం రాని నా కంటికి కూడా తెలిసింది, రెండింటి మీదా ఒకే అక్షరాలు. కామెర్లతో నీరసించిన కాలేయం మీద, ఖాళీ కడుపు మీద, ఒకే మందు రెండింతలు పోశాను. ఆకు సంగతి ఇప్పుడు తేల్చలేనని, ముందు అదీ ఆపమని చెప్పి, ఆవిడ అప్పటికప్పుడు విరుగుడు ఎక్కించింది. నన్ను ఒక్క మాట అనలేదు. పోతూ పోతూ నా భుజం మీద చెయ్యి వేసింది.

మూడు రోజులకి అల్లుడు తేరుకుని, "అత్తయ్యా, ఇకనైనా ఉప్పు వేయనిస్తారా?" అన్నాడు. అంత నవ్వూ అంత ఏడుపూ నాకు మళ్లీ ఎప్పుడూ కలిసి రాలేదు. ఉద్యోగమూ పోలేదు. నెల రోజులు ఇంట్లో కూర్చోబెడితే, పిల్లని ఒళ్లో పెట్టుకుని నాకు చదువు మొదలుపెట్టాడు. అ ఆలతో కాదు, ఆ బిళ్లల అట్ట మీది పేరుతో. తెలుగు తర్వాత నేర్పాడు. నేను చేసిన పని ఎవరి దగ్గరా ఎత్తలేదు. అతనికి, ఆ డాక్టరమ్మకి పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటాను.

ఆకు మీద నాకు నమ్మకం పోలేదు. డాక్టర్ల మీద గుడ్డి నమ్మకమూ లేదు. ఎవరైనా అడిగితే ముందు రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరుకి చెప్పి రమ్మంటాను, ఆకు పేరు కూడా నేనే చెప్పి పంపిస్తాను. ఆ రోజు ఆవిడ ఎదుట నేను నోరు మూసుకుని కూర్చున్నది ఎంతసేపని, ఒక గ్లాసు మంచినీళ్లు తాగేంతసేపు. ఈ పాతికేళ్ల మా సంసారం అంతా ఆ కాస్తసేపట్లో చేజారిపోబోయి దక్కిందే.