పెద్దరెడ్డికి గుండె లేదని తేల్చిన రోజు

నిక్షేపంగా ఉన్న మనిషిని, గుండె ఆగిపోయిందని ఆటోలో వేసుకొని ఆళ్లగడ్డ దాకా తోలుకపోయిన మహాతల్లి ఎవరో తెలుసా మే? నేనే! మొన్న ఆదివారం. నవ్వకుండా ఇనండి, టీ మీద పడ్తాది.

మీకు తెల్సు కదా, మా ఇంట్లో కాలేజీ మొగం చూసింది నేనే ఫస్టు. మా నాయన ఐదుతో ఆపేసినాడు. మా అమ్మ బడికే పోలే. అందుకని నేను నంద్యాలలో నర్సింగ్‌లో చేరిన రోజే మా అమ్మ ఊరంతా తిరిగి చెప్పొచ్చింది, "మా పాప డాక్టరు చదువుతాంది" అని.

"డాక్టరు కాదుమా, నర్సింగు" అంటే, "రెండూ ఆసుపత్రిలోనే కదా ఉండేది!" అనింది.

శిరివెళ్ల పక్కన మా ఊరికి పోతా పోతా కొత్త స్టెతస్కోపు, బీపీ మిషను బ్యాగులో పెట్టుకున్యా. ఎందుకంటే క్లాసులో మీ చేతులకు నాలుగుసార్లు బీపీ చూసేసినా కదా, ఇంక ప్రజాసేవ మొదలుపెట్టకపోతే దేశం ఏమైపోతాదో అని!

ఆదివారం చర్చి నుంచి రాంగానే మా అమ్మ అరుగు మీద చాప పరిచి, దోవలో పోయేవాళ్లందర్నీ పిలిచింది. ఐదుగురికి చూసినా. బాగానే వినపడింది, బాగానే చెప్పినా. నాకే నా మీద భక్తి పుట్టింది మే! మా చెల్లెలు "అక్కా, ఒక ఫోటో" అనింది. స్టెతస్కోపు మెడలో వేసుకొని, దాని బిళ్లలో మెరిసే పక్క ముందుకు కనపడాలని అటు తిప్పి ఇటు తిప్పి, మొగాన గంభీరం పెట్టుకొని దిగినా. స్టేటస్ గూడా పెట్టినా.

అప్పుడే పెద్దరెడ్డి తాత వచ్చినాడు. మా నాయన తోలే ట్రాక్టరు ఆయనదే. వెనకాలే ఆయన భార్య, మేమంతా అవ్వ అంటాం. మా నాయన కుర్చీ తుడిచి వేసి, నా చెవిలో "బాగా చూడు పాపా" అన్నాడు. అంటే అది బీపీ కాదు, ఇంటి పరువు.

పట్టీ చుట్టినా. గాలి కొట్టినా. విన్యా. ఏం లే! మళ్లా కొట్టినా. ఏం లే!

"ఏందిమ్మా, ఎంతుంది?" అన్నాడు తాత.

"వినపడ్డంలే తాతా."

"నాకు బాగానే వినపడ్తాందే!"

ఈసారి నేరుగా గుండె మీదనే పెట్టినా. నిశ్శబ్దం. బుద్ధున్నోళ్లయితే ఏం చేస్తారు? ఒకసారి తమ గుండె మీద పెట్టుకొని చూస్తారు. నేను చేసినానా? చెయ్యలే. నేను ఫస్టియర్ కదా, నాకు అన్నీ తెల్సు.

"నాయనా, తాతకు గుండె కొట్టుకోడంలే!" అని అరిచినా. ఆకువక్క నములుతా కూర్చున్న మనిషిని పట్టుకొని!

అవ్వ గుండెలు బాదుకునింది. నలుగురు మొగోళ్లు తాతను కుర్చీతో సహా ఎత్తినారు. "దించండ్రా, నాకేం కాలే!" అని ఆయన కాళ్లు తన్నుకుంటాంటే, "మాట్లాడొద్దు తాతా, అలసిపోతావ్" అని నేను. ఆటోలో ఆయన చెయ్యి పట్టుకుంటే నాడి దబదబా కొట్టుకుంటాంది. అనుమానం రావాలా వద్దా? "సీరియస్ కేసుల్లో అట్లే ఉంటాదిలే" అని నాకు నేనే సర్ది చెప్పుకున్యా. ఎదురుగా మా నాయన మొగంలో నెత్తుటిచుక్క లే.

ఆళ్లగడ్డ ఆసుపత్రిలో పెద్ద సిస్టరొకామె బీపీ చూసి, "నూటముప్పై, ఎనభై. నాకంటే బాగుండాడు. ఎవరు గుండె లేదనింది?" అని అడిగింది. అందరూ నన్ను చూసినారు. ఆమె నా స్టెతస్కోపు తీసుకొని, చెవుల్లో పెట్టుకొని, బిళ్ల మీద వేలితో తట్టి, దాన్ని టక్కుమని తిప్పింది.

"రెండు పక్కల్లో ఒక్కటే పలుకుతాది పాపా. నువ్వు మూసిన పక్క పెట్టి విన్యావ్. ఏ కాలేజీ నీది?"

ఫోటో కోసం తిప్పింది అప్పుడు గుర్తొచ్చింది. కనీసం కాలేజీ పరువన్నా కాపాడదామని, "టైలరింగ్ నేర్చుకుంటాండా సిస్టర్" అన్న్యా.

అవ్వతోపాటు ఆటోలో ఎక్కొచ్చిన మా అమ్మ ఊరుకుంటాదా? "అబద్ధం సిస్టరమ్మా! డాక్టరు చదువుతాంది!"

తిరుగుదోవలో అందరం మళ్లా అదే ఆటో ఎక్కినాం. మా నాయన పని పోయినట్లే అనుకున్యా. అవ్వే మొదలుపెట్టింది.

"నలభై ఏండ్లుగా ఈయనకు గుండె లేదని మొత్తుకుంటాండా. ఒక్కరన్నా నమ్మినారా? ఈ పిల్ల ఒక్కసారి చూసి చెప్పేసింది!"

తాత ఒక్కసారి పగలబడి నవ్వినాడు. "బాగా చదువుకో పాపా. అంతవరకూ నా జోలికి మాత్రం రావాకు" అన్నాడు.

ఇంటికొచ్చినంక మా నాయన తిట్టలే. చాప మీద కూర్చొని చెయ్యి చాపి, "నాకు చూడు" అన్నాడు. ఈసారి బిళ్ల సరిగ్గా తిప్పి విన్యా. ఇంకా దడదడమంటానే ఉంది పాపం, నా పుణ్యమా అని. కండ్లల్లో నీళ్లొచ్చినాయి మే, నిజంగా.

ఇంక నిన్న ప్రాక్టికల్స్‌లో మేడమ్ "స్టెతస్కోపు వాడేముందు ఏం చెయ్యాల?" అని అడగంగానే ఎగిరి లేచినా కదా? "తట్టి, ఏ పక్క పలుకుతాందో చూసుకోవాల మేడమ్!" అని. ఆమె మురిసిపోయి "వెరీ గుడ్! యాడ నేర్చుకున్యావ్?" అంటే, "ఫీల్డ్ విజిట్‌లో మేడమ్" అన్న్యా కదా?

మీరంతా చప్పట్లు గూడా కొట్టినారు. కావాలంటే ఇప్పుడు వాపసు తీసుకోండి!