పడమటి వాలు పీపా

ఆ ఇంట్లో అందరూ ఆమెను మొండిఘటం అనేవారు. ముఖం మీద అనే ధైర్యం మాత్రం అత్తగారిదే.

దర్జీ కూతురు. ద్రాక్షతీగ ఎటు పాకుతుందో తెలియకుండానే తోటల వాళ్ళింటికి చిన్నకోడలై వచ్చింది. కొత్తలో తీగలు కత్తిరించమంటే గుడ్డ అంచు కత్తిరించినట్టు వరస మొత్తం ఒక్క గీతన నరికి నవ్వులపాలైంది. "నీ కత్తెర సరదా అక్కడ తీర్చుకో అమ్మా" అంటూ బావగారు ఎవరికీ అక్కర్లేని పడమటి వాలు ఆమెకు అప్పజెప్పారు.

అదంతా రాళ్ళనేల. పొద్దు వాలిందంటే ఎండ నిప్పులు చెరుగుతుంది. గుత్తులు తీగ మీదే వడలిపోయేవి. ఆమె పడమటి వైపు ఆకు తుంచకుండా గొడుగులా వదిలేసింది. తెల్లవారకముందే, పండు చల్లగా ఉండగానే కోసింది. ఈ ఏడు మొదటిసారి ఆ వాలు పంటతో విడిగా ఒక పీపా వైన్ తయారైంది.

ఆ పీపా గతేమిటో ఇవాళ తేలాలి. రుచి చూడటానికి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. తలా ఒక గుక్క నోట్లో పోసుకుంటారు. మింగితే ఆ వైన్ తన పేరుతోనే సీసాకెక్కుతుంది. ఉమ్మితే పెద్ద ట్యాంకులో మిగతా తోట సరుకుతో కలిసిపోతుంది. ఎక్కువమంది ఏది చేస్తే అదే. ఆ వైన్ చేసినవాళ్ళకు మాత్రం గుక్క లేదు. రెండోసారి పోయడం అసలే లేదు.

గ్లాసులు తుడిచే కంగారులో ఆమె, రుచికని పీపా నుంచి పట్టిన వైన్ జగ్గును కిటికీ గట్టు మీద పెట్టి మరిచిపోయింది. ఎండ వచ్చి దాని మీద కూర్చుంది.

ముందు బావగారు ఉమ్మారు. "ఇదేంటమ్మా, వైన్ చెయ్యమంటే కషాయం కాచావా? గొంతులోకి పోకముందే ముక్కు మండిపోయింది!"

మామగారూ ఉమ్మారు. అత్తగారూ ఉమ్మి మూతి తుడుచుకుంది. ఆమె మొగుడు మాత్రం అన్న ముఖం చూసి, పెళ్ళాం ముఖం చూసి, గుక్కను బుగ్గలోనే పెట్టుకు కూర్చున్నాడు.

"మింగరా, లేదా ఉమ్మరా! పన్నునొప్పి మందా అది?" అంది అత్తగారు.

ఉమ్మేశాడు.

ఆమె జగ్గు పట్టుకుంది. చెయ్యి చురుక్కుమంది.

"జగ్గు ఎండలో పెట్టాను, వైన్ వేడెక్కిపోయింది. తప్పు నాది, పీపాది కాదు. చల్లది తెచ్చి మళ్ళీ పోస్తాను."

"రెండోసారి లేదు. మా నాన్న నా పీపాకే పోయనివ్వలేదు" అన్నారు మామగారు.

"అప్పుడు మీరు అడగలేదేమో మామయ్యా."

ఆమె కిందికి దిగి, పీపా నుంచి తాజాగా పట్టుకొచ్చి అందరి ముందూ పోసింది.

"ఆనవాయితీ అంటే ఆటగా ఉందా నీకు?" బావగారు గ్లాసు ముట్టుకోలేదు.

"ఏడాది కష్టాన్ని కిటికీ గట్టుకు బలిపెట్టేదే ఆనవాయితీ అయితే నాకొద్దు బావగారూ. నచ్చకపోతే ఉమ్మండి. నోట పెట్టకుండానే ఉమ్మకండి."

అత్తగారు గ్లాసెత్తింది. ముగ్గిన నేరేడుపండు, మిరియం, వెనకాల వేడి రాయి మీద నీళ్ళు చల్లినట్టు వాసన. మింగింది.

"ఘాటేం తగ్గలేదే, మొండిఘటమా!"

"తగ్గదత్తయ్యా. ఎండలో పెరిగింది. చల్లటి కొండ మీద పుట్టినట్టు నటించమంటే ఎలా?"

మొగుడు ఈసారి ఎవరి ముఖమూ చూడలేదు. మింగి, దగ్గాడు. మామగారు మళ్ళీ ఉమ్మారు.

"ఇద్దరు మింగారు. నేనొకణ్ణి ఉమ్మాను. పెద్దవాడు ముట్టనే లేదు, అంటే వాడూ వద్దన్నట్టే. సమానమైతే ట్యాంకుకే" అన్నారాయన.

ఆమె బావగారి ముందున్న గ్లాసు తీసుకుంది. అందరూ చూస్తుండగా నిలబడే తాగింది, ఒక గుక్క కాదు, గ్లాసంతా.

"ముగ్గురం" అంది.

బావగారు నోరు తెరిచారు. మామగారు చెయ్యెత్తి ఆపారు గానీ, అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆ మాట కోసం ఆమె ఆగలేదు. సీసాలు కడగడానికి నీళ్ళు కాచేందుకు వంటింట్లోకి నడిచింది. మొగుడు పెద్ద గిన్నె దించి వెనకే వెళ్ళాడు.