బరువు మిషన్‌లో బ్యాటరీలు తీసేసినా

మా ఆవిడ సుగుణ సన్నబడాలని రాత్రిళ్ళు అన్నం మానేసి కీరకాయ ముక్కలు తింటా ఉంది. పోయిన ఆదివారం చర్చిలో పాట పాడతా పాడతా కళ్ళు తిరిగి పడబోయింది. రక్తం తక్కువుంది, ఆకుకూరలు, చేపలు, గుడ్లు బాగా తినమని డాక్టరమ్మ చెప్పింది. ఈమె వింటేనా! పొద్దున్నే బరువు మిషనెక్కి, అది చూపించేదాన్ని బట్టే తినాలా వద్దా అని తేల్చుకుంటుంది. అందుకే ఈరోజు ఆమె లేవకముందే దాంట్లో బ్యాటరీలు తీసి టీవీ రిమోట్‌లో వేసినా.

"ఏమయ్యా, మిషన్ పని చేయడంలా. బరువు చూడకుండా తినేదెట్లా?"

"ఆకలి చూసుకోని తిను."

గొణుక్కుంటానే కూర్చుంది. రాగి సంగట్లో నిన్నటి చేపల పులుసు పోసుకోని, తోటకూర వేపుడు నంజుకోని, ఇంకో ముద్ద కూడా అడిగింది. మధ్యాహ్నం తడిబట్టల బకెట్ పట్టుకోని, కళ్ళు తిరుగుతాయని వారం నుంచి పట్టుకోని నడస్తా ఉన్న గోడని వదిలేసి మిద్దెక్కింది. చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం టీ అంగడికి బయల్దేరితే నా బండి తాళం లేదు.

"నీ పొట్టకి మాత్రం ఆరోగ్యం వద్దా? నడిచి పో" అనింది సుగుణ, తాళం కొంగున ముడేసుకుంటా.

కావలి ట్రంకురోడ్డులో చెమటలు కక్కతా నడిచే పెద్దమనిషి కనబడితే అది నేనే. బండి ఆపి ఎక్కించుకోండి. మా ఆవిడకి మాత్రం చెప్పబాకండి.