ఏడుగురినీ పేరు పెట్టి పిలిచిన మా యాడి

పోయిన నెల ఒక బుధవారం పొద్దున, భూపాలపల్లి దవాఖానలో నేను వార్డులో ఇంజెక్షన్లు ఇస్తుంటే, చెల్పూర్ నుంచి పెద్దన్న ఫోన్ చేశాడు. యాడి పోయిందన్నాడు. మా లంబాడీ ఇళ్లలో అమ్మను యాడి అంటాం. చాయ్ తాగి, గిన్నె కడిగి బోర్లించి, జర నడుము వాలుస్తానని మంచం మీద ఒరిగిందట. మళ్లీ లేవలేదు. ఆ రోజు పలకరించడానికి వచ్చినవాళ్లలో ఒక పెద్దమనిషి నా భుజం తట్టి, మంచి మనిషేనమ్మా, ఏడుగురిని కన్నా సర్కారు బియ్యం పుణ్యాన అందరూ గట్టెక్కారు అన్నాడు. ఓదార్పే అనుకున్నాడు పాపం. ఆయనకు జవాబు ఇప్పుడు చెబుతున్నాను.

మహబూబాబాద్ అవతల మా తండాలో, బువ్వకుండ మూత తీసే ముందు యాడి మమ్మల్ని పిలిచేది. బాలూ, శాంతీ, శంకరూ, రవీ, సరితా, అనిలూ, కవితా. చివరి పేరు నాది. అందరం "ఆఁ" అని పలికేదాకా గరిటె ముట్టేది కాదు. ఒకసారి మిరపకల్లంలో ఆడుతూ ఆడుతూ నిద్రపోయాను. నేను పలకలేదని మిగతా ఆరుగురినీ ఆకలితో కూర్చోబెట్టి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆ సంగతి మా అనిల్ అన్న ఇప్పటికీ దెప్పుతాడు. ఎంతమంది పిల్లలని ఎవరడిగినా యాడి అంకె చెప్పేది కాదు, పేర్లు చెప్పేది. పిల్లల్ని లెక్కపెట్టకూడదని ఆమె పట్టింపు. "బస్తాలను లెక్కవెడ్తరు. పిల్లల్ని పిలుస్తరు" అనేది.

ఊళ్లో కోటా బియ్యం దుకాణం దగ్గర ఆమె సంచి విప్పగానే వరుసలో గుసగుసలు మొదలయ్యేవి. మనిషికిన్ని కిలోలని ఇస్తుంటే ఎందుకు కనరు అని ఒకరు, మందకు మేత అని ఇంకొకరు. ఆమె తల తిప్పకుండానే అనేది: "తినే నోర్లే కనవడ్తయా? మీ చేన్ల మిరప ఏరే చేతులు కనవడయా?" అవును, ఆ బియ్యం తిన్నాం. అంగన్‌వాడీ గుడ్డు కూడా తిన్నాం, సిగ్గుపడను. ఆ గుడ్డు కోసం మమ్మల్ని కన్నదనే మాటకు మాత్రం ఒళ్లు మండుతుంది. తొమ్మిది నెలలు మోసి, గుడిసెలో చాప మీద ప్రసవించి, పదిహేను రోజులకే నాట్లకు పోయిన మనిషి ఒక గుడ్డుకు ఆశపడిందట!

అప్పట్లో మా ఊరి సర్పంచ్ పదవి గిరిజన మహిళకు వచ్చింది. తండాలో నోరున్న ఆడమనిషి యాడే. ఊరి పటేలు స్వయంగా మా గుడిసెకు వచ్చి నిలబడమన్నాడు. గెలిపించి తన చెప్పుచేతల్లో పెట్టుకోవాలని ఆయన ఎత్తు. తండాకు బోరు, రోడ్డు వస్తాయని యాడి ఆశ. నీళ్ల కోసం ఆమె రోజూ రెండు చేన్లు దాటిపోయేది. అడ్డల్లా నేనే. ఇద్దరు పిల్లలకు మించితే పోటీకి పనికిరారని చట్టం. ఆ చట్టం పెట్టిన గడువు తేదీకి ముందు పుట్టిన ఆరుగురిని అది లెక్కలోకి తీసుకోలేదు. ఆ తర్వాత పుట్టింది నేనొక్కదాన్ని.

దానికి పటేలు దగ్గర మందు ఉంది. మా మేనమామకు పిల్లలు లేరు. కాగితాల మీద నన్ను ఆయన బిడ్డగా రాయిస్తే చాలన్నాడు. చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది చేస్తున్నదే. పిల్ల ఇంట్లోనే ఉంటుంది, అడిగినప్పుడు మాత్రం ఆరుగురని చెప్పాలి. నామినేషన్ల పరిశీలన రోజు నాకు తొమ్మిదేళ్లు. మండల ఆఫీసులో ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డాను. అధికారి ఎంతమంది పిల్లలని అడిగాడు. పటేలు గొంతు సవరించుకున్నాడు. యాడి అన్నం వేళ పిలిచినట్టే మొదలుపెట్టింది. బాలూ, శాంతీ, శంకరూ, రవీ, సరితా, అనిలూ. అక్కడ ఆగింది. నేను కొంగు ఇంకా గట్టిగా పట్టుకున్నాను. తర్వాత నా నెత్తిమీద చెయ్యి వేసి, కవిత అంది. అలవాటు కొద్దీ నేను "ఆఁ" అన్నాను.

నామినేషన్ చెల్లలేదు. బయట వేపచెట్టు కింద పటేలు కోపం ఆపుకోలేకపోయాడు.

"ఒక్క అబద్ధమాడితే ఏం పోయేది?"

"నా పిల్ల పోయేది పటేలా."

పటేలు తోడబుట్టినవాళ్లు తొమ్మండుగురు. వాళ్ల ఇంటిని ఊరంతా నిండిన ఇల్లని మెచ్చుకునేది. మాది మాత్రం మంద. ఈ తేడా ఎక్కడిదో నాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఇంత చేసిన యాడికి నేను ఏం చేశానో కూడా చెప్పాలి. జనగామలో చదువుకునేటప్పుడు క్లాసులో ఒక సారు ఉచిత బియ్యం కోసం కనేవాళ్ల మీద జోకు వేస్తే అందరితో పాటు నేనూ నవ్వాను. హాస్టల్లో నాకు ఒక్క అన్నే అని చెప్పుకున్నాను. యాడి జొన్నరొట్టెలు కట్టుకుని చూడటానికి వచ్చినప్పుడు, నా పక్క మంచం పిల్ల మర్యాదకు అన్న బాగున్నాడా అని అడిగింది. ఏ అన్న అనబోయి యాడి నా ముఖం చూసింది. బాగున్నాడు బిడ్డా అంది. బస్సెక్కేటప్పుడు మాత్రం నెమ్మదిగా అంది: "గాళ్లకు గిన్ని పేర్లు యాదికుండయిలే. నువ్వు మాత్రం మర్సిపోకు." తిట్టినా బాగుండేది.

నాకు ఒక్క పాప. ఏడుగురిని కనమని నేనెవరికీ చెప్పను. నాలుగో కాన్పుకు వచ్చే ఆడవాళ్ల ఒంట్లో రక్తం ఎంత ఉంటుందో చూసేదాన్ని నేనే. కానీ వాళ్లను వేళాకోళం చేసే మాట నా వార్డులో వినబడితే ఊరుకోను. ఇప్పుడు ఆ ఇద్దరు పిల్లల నిబంధనే ఎత్తేశారు. జనాభా తగ్గిపోతోంది, కనండి అని టీవీలో పెద్దలు చెబుతున్నారు. వద్దన్నప్పుడూ వాళ్లదే తీర్పు, కనమన్నప్పుడూ వాళ్లదే. మా పెద్దన్న చెల్పూర్‌లో బొగ్గు బూడిద పీలుస్తూ పనిచేసే ప్లాంటు కరెంటుతోనే ఆ టీవీలు నడుస్తాయి. ఎవరు ఎవరి మీద పడి తింటున్నారో వాళ్లే చెప్పాలి.

కర్మకాండ అయ్యాక వారసుల కాగితం కోసం ఏడుగురం ఆఫీసుకు వెళ్లాం. గుమాస్తా తలెత్తకుండా, ఎంతమంది పిల్లలు అన్నాడు. ఫారంలో ఆరు గీతలే ఉన్నాయి. పెద్దన్న అంకె చెప్పలేదు. లేచి నిలబడి యాడి లాగే పిలవడం మొదలుపెట్టాడు. తన పేరు తానే పిలుచుకుని తానే పలికాడు. ఒక్కొక్కరూ "ఆఁ" అన్నారు. గుమాస్తా తలెత్తి చూశాడు. నా పేరు వచ్చేసరికి నేను ఫారంలోని ఆ ఆరు గీతలనే చూస్తున్నాను. పెద్దన్న ఆగాడు. నేను పలికేదాకా మూత తీయనట్టు, నా వైపే చూస్తూ మళ్లీ పిలిచాడు.

"ఆఁ" అన్నాను, ఆఫీసంతా వినబడేలా. గుమాస్తా ఫారం అడ్డంగా తిప్పి, అంచున ఉన్న తెల్లటి జాగాలో నా పేరు రాశాడు.